సముద్రము లేని ఊరిలో రేవు



ఇటీవల మా సంఘములోని ఒక తల్లి, గల్ఫుకు వెళ్తున్న కుమారుణ్ణి సాగనంపడానికి శంషాబాదుకు వస్తే మేము కూడ తోడు వెళ్ళాము. టికెట్టు లేనివారు లోపలికి పోకూడదు గనుక బయటే ప్రార్థన చేసి పంపించాము. అబ్బాయి కనుమరుగైన తరువాత ఆమె కళ్ళు తుడుచుకొని, "అయ్యగారూ, పాస్‌పోర్టు అంటరు, ఎయిర్‌పోర్టు అంటరు. ఈ పోర్టు అంటే ఏంది?" అని అడిగింది.

చిన్న మాటే గాని దాని కడుపులో చాలా అర్థాలున్నాయి. లాటిను భాషలో 'పోర్టుస్' అంటే ఓడరేవు, 'పోర్టా' అంటే ద్వారము, 'పోర్టారే' అంటే మోయడము. మూడింటికీ మూలము 'దాటించు' అనే ఒకే ప్రాచీన ధాతువని పండితులు చెబుతారు. రైలు స్టేషనులో మూటలు మోసే పోర్టరు ఆ సంతానమే. ఓడకు ఎడమ ప్రక్కను కూడ పోర్టు అంటారు. పూర్వము చుక్కాని కుడివైపున ఉండేది గనుక ఎడమ ప్రక్కను రేవుకు ఆనించేవారు. 1844లో బ్రిటిషు నౌకాదళము ఆ పేరునే ఖాయము చేసింది. నేటికీ విమానము ఎక్కేది సాధారణంగా ఎడమ ద్వారము నుండే.

హైదరాబాదుకు సముద్రము లేదు. అయినా 2008 మార్చిలో ప్రయాణికుల విమానాలు బేగంపేట నుండి శంషాబాదుకు మారినప్పటి నుండి మన పల్లెల పిల్లలకు ఇదే రేవు.

అవకాశమును ఇంగ్లీషులో 'ఆపర్చునిటీ' అంటారు. అందులోనూ పోర్టు ఉంది. ఓడను రేవువైపు నడిపే గాలి అని దాని మొదటి భావము. అయితే మెల్లని గాలి అంతా మంచి గాలి కాదు. అపొస్తలుల కార్యములు 27వ అధ్యాయము చదవండి. పౌలు ఎక్కిన ఓడ మంచిరేవులు అనే చోటికి చేరింది. (మూసీ దగ్గర మనకూ మంచిరేవుల అనే ఊరున్నది!) ఇక ముందుకు పోవద్దని పౌలు చెప్పాడు. శతాధిపతి మాత్రము ఓడ యజమాని మాట నమ్మాడు. దక్షిణపు గాలి మెల్లగా వీచేసరికి లంగరు ఎత్తారు. చివరకు ఓడ బద్దలైంది. దేవుని కృపవలన 276 మంది ప్రాణాలతో బయటపడ్డారు.

ఏజెంటు తియ్యని మాట కూడ అట్టి గాలే కావచ్చును. రెండేళ్ళ క్రితము మా సంఘమునుండి వెళ్ళిన ఒక తమ్ముని పాస్‌పోర్టు అక్కడి యజమాని దగ్గర పెట్టుకున్నాడు. తండ్రి చనిపోతే భూస్థాపనకు రాలేకపోయాడు. ఆ సమాధి దగ్గర కుమారుని స్థానములో మేము నిలబడి మన్ను వేశాము. ఆ దినము మేము మరువలేదు.

కాబట్టి తల్లిదండ్రులారా, ప్రభుత్వములో నమోదైన ఏజెంటేనా అని విచారించండి. పనికి పోయేవారిని విజిట్ వీసా మీద పంపకండి. జీతము, పని గంటలు వ్రాసిన ఒప్పందము చదివించుకోండి. 1967 నాటి పాస్‌పోర్టు చట్టము ప్రకారము పాస్‌పోర్టు భారత ప్రభుత్వపు సొత్తు. ఏ యజమానిదీ కాదు. కష్టము వస్తే అక్కడి భారత రాయబార కార్యాలయమును ఆశ్రయించమని బిడ్డకు చెప్పండి.

ఆ తల్లికి మేము చెప్పిన జవాబు ఇది: "అమ్మా, పోర్టు అంటే దాటిపోయే ద్వారము, తిరిగి చేరే రేవు కూడ. మన తెలుగులో దీనికి విమానాశ్రయము అని పేరు. విమానానికే ఆశ్రయముంటే నీ బిడ్డకు ఉండదా? కీర్తనకారుడు తన దేవుణ్ణి పిలిచిన పేరు అదే."

ఆమె తల ఊపి, కొంగుముడి విప్పి ఒక కాగితము చూపించింది. కుమారుని పాస్‌పోర్టు నకలు. ఇంటికి పోయి బైబిలులో పెట్టుకుంటానన్నది. మీరును అలాగే చేయండి. అది కనబడినప్పుడెల్లా ప్రార్థించండి.