సంపాదకుని మాట: చేను సంగతి ఎత్తితే

వర్షాధారపు పంట ఇల్లు చేరాక కర్నూలు జిల్లా కోసిగి చుట్టుపక్కల ఎన్నో ఇళ్లకు తాళాలు పడతాయి. వయసులో ఉన్నవాళ్లు మిరప కోతలకు గుంటూరు వైపు, భవనాల పనికి బెంగళూరుకు పోతారు. అరుగుల మీద ముసలివాళ్లే మిగులుతారు. మందులు అయిపోయాయా, కళ్లు ఆనుతున్నాయా అన్న మాటలు ఫోనులో సాగుతాయి. చేను ఎవరికి రాయాలనుకుంటున్నావన్న మాట మాత్రం ఉగాదికి ఇంటికొచ్చినా గొంతు దాటదు. దాటిందా, "నేనెప్పుడు పోతానా అని చూస్తాండావారా?" అంటూ నాయన గోడవైపు తిరిగి పడుకుంటాడు.

ఆ అనుమానం తప్పని నేననను. భూమి రాయించుకుని అన్నం పెట్టని కొడుకులు ఏ ఊళ్లో లేరు? అందుకే మాటను ఆస్తితో కాదు, వాళ్ల భద్రతతో మొదలుపెట్టాలి. చూసుకోవాలన్న షరతుతో రాసిచ్చిన ఆస్తిని, చూసుకోకపోతే 2007 నాటి వయోవృద్ధుల సంక్షేమ చట్టం 23వ సెక్షన్ కింద ట్రిబ్యునల్ రద్దు చేయవచ్చు. ఆ షరతు దస్తావేజులో రాయించమని కొడుకే అంటే, నాయన ఇటు తిరుగుతాడు. ఇప్పుడే రాసివ్వకుండా వీలునామా రాస్తానంటే, దానికి స్టాంపు కాగితం అక్కర్లేదు, ఇద్దరు సాక్షుల సంతకాలుండాలి. రిజిస్ట్రేషను తప్పనిసరి కాదు (చేయిస్తే తగాదా తగ్గుతుంది, అది వేరే సంగతి). మనసు మారితే బతికుండగా ఎన్నిసార్లయినా మార్చుకోవచ్చు.

అమ్మను వంటింట్లోనే ఉంచి ఈ మాటలు మాట్లాడకండి. ఆడబిడ్డలనూ పిలవండి. ఈసారి ఊరికి పోయినప్పుడు కూర్చుని చూడండి, ఏం జరిగిందో మాకు రాయండి.