‘పరాయి పాట’ అనే సాకు

కళాశాల విద్యార్థులు అన్యదేశాల బృందగానాలను నేర్చుకొని, పాడి, రికార్డు చెయ్యటం వృథా ప్రయాస అనే వాదం మన మధ్య తరచు వినిపిస్తున్నది. వాదించేవారు రెండు రకాలు. అనేక స్వరాలు వొక్కసారి పలికే గానం మన సంప్రదాయానికి విరుద్ధమని మొదటి రకంవారంటారు. మన ప్రజల పాటలే దిక్కులేక పడివుండగా యెక్కడో బాల్టిక్ సముద్రతీరాన పుట్టిన పాట మనకెందుకని రెండవ రకంవారంటారు. మొదటివాడు సంప్రదాయవాది, రెండవవాడు ప్రజావాది. తూర్పూ పడమరా అయిన యీ యిద్దరూ వొకే గుమ్మం దగ్గర కలుసుకొన్నారంటే ఆ గుమ్మం సంగతి కాస్త విచారించవలసిందే.

ముందు వాస్తవం చూద్దాం. అమెరికాలోని పోర్ట్‌లాండ్ స్టేట్ యూనివర్సిటీ విద్యార్థి గాయకబృందం, ఈథన్ స్పెర్రీ నాయకత్వాన, ఎరిక్స్ ఎషెన్‌వాల్డ్స్ అనే లాట్వియా స్వరకర్త రచనలను ‘ద డోర్స్ ఆఫ్ హెవెన్’ పేరిట రికార్డు చేసింది. నాక్సస్ సంస్థ 2017లో విడుదల చేసిన ఆ రికార్డు బిల్‌బోర్డు పత్రిక ప్రకటించే శాస్త్రీయ సంగీత పట్టికలలో వొకదానిలో ప్రథమ స్థానానికి యెక్కింది. ఆ బృందం పేరుమోసిన రాజాస్థాన గాయకుల బృందం కాదు. వొక ప్రభుత్వ విశ్వవిద్యాలయపు విద్యార్థులు. ఆ స్వరకర్త యే శతాబ్దం కిందటో గతించిన మహానుభావుడూ కాదు, 1977లో పుట్టినవాడు. అతని పాటల్లో ఇన్యూట్ ప్రజల పురాగాథ వున్నది, ఉత్తరధ్రువ ప్రాంతపు సామీ జాతివారి వరసలున్నవి, కలకత్తాలో జీవితం గడిపిన మదర్ థెరిసా స్మృతి వున్నది. లాట్వియావాడు రాసినంత మాత్రాన అది లాట్వియా గడప దాటకూడదని అక్కడ యెవరూ అనుకోలేదు.

అదే స్పెర్రీ మన రాంకలి, దేశ్, ద్విజావంతి రాగాలను కూడా బృందగానాలకు అనువుగా కూర్చాడు. ఏ.ఆర్. రహమాన్ పాటలనూ కూర్చాడు. తెల్లపిల్లలు నిలబడి మన రాగం పాడే దృశ్యం ఫోనులో కనబడితే చాలు, మన సంప్రదాయవాది ఛాతీ రెండంగుళాలు పెరుగుతుంది, పదిమందికీ పంపుతాడు. వాళ్లు మన రాగం పాడితే సంస్కృతికి విజయం. మనం వాళ్ల పాట పాడితే సంస్కృతికి పతనం! యీ లెక్క యే బడిలో నేర్పారో తెలియదు.

ఇక ప్రజావాది మాట. లాట్వియా జనాభా యిరవై లక్షల లోపు. జర్మన్ భూస్వాములకూ రష్యన్ జారుకూ లోబడి వున్న రోజుల్లోనే, 1873లో, రీగా నగరంలో తొలి గానోత్సవం జరుపుకొన్న జాతి అది. నోట మాట్లాడే భాషను రైతుల భాష అని చిన్నచూపు చూసిన దొరల యెదుట వాళ్లు ఆ భాషలోనే నిలబడి పాడారు. సోవియట్ యుగంలో కూడా ఆ ఉత్సవాలు ఆగలేదు. పాలకులు తమకు కావలసిన పాటలు చేర్చారు. ప్రజలు తమకు కావలసినవి పాడుకొన్నారు. 1987 నుంచి 1991 వరకూ బాల్టిక్ దేశాల్లో సాగిన ఉద్యమానికి ‘గాన విప్లవం’ అన్న పేరు వూరికే రాలేదు.

ఇక్కడ మన మిత్రుల్లో కొందరి గొంతులో వెలక్కాయ పడుతుంది. ఆ పాటలు సోవియట్ ప్రభుత్వానికి యెదురు నిలిచినవి కదా, వాటిని మనమెట్లా పాడుతామని లోలోపల సందేహం. ఈ సందేహాన్ని బయటపెట్టి మాట్లాడుకోవటమే మంచిది. తన భాషలో పాడుకొనే హక్కు కోసం నిలబడిన జనాన్ని, యెదుట వున్న జెండా రంగు చూసి కాదనే విమర్శకుడు, రేపు జగిత్యాల రైతుకూలీ పాటనూ జెండా రంగు చూసే వింటాడు. అది విమర్శ కాదు, హాజరుపట్టీ.

పరాయి పాటను సొంతం చేసుకోవటం మన దేశంలో కొత్తా కాదు. ‘ఓల్ మాన్ రివర్’ 1927లో అమెరికన్ నాటకశాల కోసం తెల్లవారు రాసిన పాట. నల్లజాతి గాయకుడు పాల్ రాబ్సన్ అందులోని నిస్పృహ మాటలను మార్చి పోరాటం మాటలు పెట్టాడు. న్యూయార్కులో చదువుకొంటూ రాబ్సన్‌ను కలుసుకొన్న భూపేన్ హజారికా ఆ పాట స్ఫూర్తితో అస్సామీలో తన పాట కట్టాడు. దాని బెంగాలీ రూపాన్ని కలకత్తా యూత్ కోయిర్ బృందగానం చేసింది. 1958లో రూమా గుహ ఠాకుర్తా, సలిల్ చౌధురీ, సత్యజిత్ రే కలిసి నెలకొల్పిన సంస్థ అది. మిసిసిపీ గంగ అయింది. ఎవరి పాట అది? జవాబు చెప్పమనండి.

మన గడ్డమీదనే, చిత్తూరులో, పుట్టిన ఎం.బి. శ్రీనివాసన్ (1925–1988) కమ్యూనిస్టు; మద్రాసులో సినీ వాద్యకారుల సంఘం కట్టినవాడు. 1970ల ఆరంభంలో మద్రాసు యూత్ కోయిర్ స్థాపించి, భారతి పాటలతోపాటు అనేక భారతీయ భాషల పాటలను బహుస్వరాల్లో పాడించాడు. నగరాల చర్చిల్లో నాలుగు గొంతుల గానం తరతరాలుగా సాగుతున్నది. దాన్ని ‘మనది’ అనటానికి సంప్రదాయవాదికి నోరు రాదు. యెందుకు రాదో, ఆ చర్చిల్లో కూర్చునేవారిలో యెక్కువమంది యే వాడలనుంచి వచ్చారో తెలిసినవారికి వివరించనక్కరలేదు.

అయితే నిజమైన చిక్కు వొకటి వున్నది. సంప్రదాయవాది దాన్ని యెత్తి చూపడు, అతని ధ్యాస ఎంతసేపూ పవిత్రత మీదనే గనుక. మన రాగానికి ప్రాణం గమకం. తోడి రాగంలో గాంధారం నిలిచి వుండదు, ఊగుతుంది. దాని కింద మరొక గొంతు కదలక మరో స్వరం పట్టుకొంటే రెండింటి మధ్య దూరం క్షణక్షణం మారిపోతుంది, పొందిక చెడుతుంది. కనుక ప్రతి రాగమూ బహుస్వరగానానికి లొంగదు. కాని మన జానపద వరసల్లో చాలాభాగం నాలుగైదు స్వరాల్లో, పెద్దగా గమకం లేకుండా, తిన్నగా నడుస్తాయి. బతుకమ్మ చుట్టూ తిరిగే స్త్రీల వరసలు అటువంటివే. వొకరు చెబుతారు, అందరూ అందుకొంటారు. అందరిదీ వొకే వరస. దానికి కింద రెండవ వరస, మూడవ వరస కట్టటానికి శాస్త్రం అడ్డురాదు. ప్రజావాది గ్రహించవలసింది యిదే: బహుస్వరగానానికి తగిన ముడిసరుకు కచేరీ గదిలో కన్నా బతుకమ్మ ఆడే వాకిట్లోనే యెక్కువ వున్నది. ఆ కూర్పు పని తెలియాలంటే, ఆ పనిలో ఆరితేరిన జాతుల పాటలు పాడి, గొంతుతో నేర్చుకోవాలి. పుస్తకం చదివి యీత నేర్చినవాడు లేడు.

మనం చేస్తున్నదేమిటి? 1943లో ప్రజానాట్యమండలి పుట్టిన నాటినుంచీ మన వేదికమీద పాట వున్నది, డప్పు వున్నది, బృందమూ వున్నది. కాని ఆ బృందం పని ప్రధాన గాయకుని వెనక నిలబడి చివరి చరణం తిరగపాడటం. సమష్టి గురించి ఉపన్యసించే వేదికమీద సమష్టికి సొంత గొంతు లేదు! మన డిగ్రీ కళాశాలల్లో సంగీతం యెంత అరుదో అందరికీ తెలుసు; వార్షికోత్సవానికి అద్దె సౌండు బాక్సులూ సినిమా పాటలూ వస్తాయి, పోతాయి.

2011 జనాభా లెక్కల ప్రకారం భారతదేశంలో తెలుగు మాతృభాషగా గలవారు ఎనిమిది కోట్లకు పైగా వున్నారు. రేపు యే పోర్ట్‌లాండ్ విద్యార్థులో, రీగా విద్యార్థులో తెలుగులో రాసిన నేటి బృందగానం వొకటి పంపండి, రికార్డు చేస్తామంటే మనం యేమి పంపుతాం? మెట్‌పల్లిలో కూర్చొని యీ ప్రశ్న వేసుకొంటే సిగ్గు కలుగుతుంది. వస్తువుకు యిక్కడ కరువు లేదు. బీడీలు చుట్టే స్త్రీలున్నారు. గల్ఫుకు పోయిన కొడుకు ఫోను కోసం రాత్రిళ్లు మేలుకొనే ఇళ్లున్నవి. 2015లో మూతపడిన ముత్యంపేట చక్కెర కర్మాగారమున్నది, దాన్నే నమ్ముకొని చెరకు వేసిన రైతులున్నారు. పక్కన సిరిసిల్ల మగ్గాలున్నవి. వీరి బతుకు వొక్క గొంతులో ఇమిడేది కాదు: పోయినవాడి మాట వేరు, వున్నవారి మాట వేరు, అప్పిచ్చినవాడి మాట వేరు. మూడూ వొకేసారి వినిపించగల కళ బహుస్వరగానం తప్ప మరొకటి లేదు.

మెట్‌పల్లిలోగాని, కోరుట్లలోగాని పని మొదలుపెట్టటానికి పదహారుమంది విద్యార్థులు చాలు, గొంతుకు నలుగురు చొప్పున. వాద్యాలక్కరలేదు, వొక శ్రుతిపెట్టె వుంటే సరి. మొదటి ఆరునెలలూ ఇతర జాతుల పాటలే పాడనివ్వండి, వారి భాషలోనే, ఉచ్చారణ తప్పకుండా. ఆ తరువాత మన కవులు పాటలు పంపవచ్చు. అయితే సాహిత్యం వొక్కటే పంపితే లాభం లేదు; ఏ గొంతు ఏ స్వరం పలకాలో నాలుగు వరసలూ రాసి పంపాలి. లేదంటే మళ్లీ పదహారుమందీ వొకే వరస పాడవలసి వస్తుంది.