ఊకోమనకండి, చెప్పుకోనివ్వండి

దుబాయి నుంచి కొడుకు శవం ఉన్న పెట్టె వచ్చిన రోజు తెలంగాణలోని మేడిపల్లి, కోరుట్ల పల్లెల్లో అన్నిటికంటే ముందు వినిపించేది తల్లి గొంతు. "కొడుకా..." అని రాగం ఎత్తుకుంటుంది. ఊపిరి కోసం ఒక్క క్షణం ఆగుతుంది. బడికి పోనని మారాం చేసిన పొద్దు నుంచి, విమానం ఎక్కే ముందు కాళ్లు మొక్కిన పొద్దు దాకా ఒక్కొక్కటే చెప్పుకొస్తుంది. తలకొరివి పెట్టాల్సినోడివి, నాకంటే ముందే పోతివా అని నిలదీస్తుంది. ప్రతి మాట చివరా మళ్లీ ఆ పిలుపే. ఆమె గొంతు పూడుకుపోతే పక్కనున్న ఆడవాళ్లు అందుకుంటారు. శోకాలు పెట్టి ఏడ్వడమంటే ఇదే.

కాసేపటికే ఎవరో ఒకరు "ఊకో అవ్వా" అంటారు. మంచి మనసుతోనే అంటారు. కానీ ఆ తల్లి కొడుకు బతుకంతా అప్పటికప్పుడు కథగా కట్టుకుంటోంది. దాన్ని నడిమధ్యలో తెంపకూడదు.

ఈ నేలకు ఆ సంగతి తెలియనిది కాదు. సిరిసిల్ల బిడ్డ వేణు యెల్దండి తీసిన 'బలగం' సినిమా 2023 మార్చిలో వచ్చినప్పుడు ఊళ్లకు ఊళ్లు తెర కట్టుకుని చూశాయి. చివర్లో బుడగజంగాల కళాకారులు మొగిలయ్య, కొమురమ్మ దంపతులు చనిపోయిన తండ్రి కొమురయ్య కథ పాడుతుంటే తెర మీద అన్నదమ్ములు, ఆడబిడ్డ ఒకటయ్యారు. తెర ముందు కూర్చున్నవాళ్లూ వలవలా ఏడ్చారు. అది తండ్రి కోసం పాడిన పాట. అయినా పోయినవాళ్లను పేరు పెట్టి పిలిచి, వాళ్ల బతుకును వాళ్లకే చెప్పే ఆ పద్ధతి తల్లుల శోకంలో ఉన్నదే. ఆ సినిమాతో ఇంటింటికీ తెలిసిన మొగిలయ్య 2024 డిసెంబరులో కన్నుమూశారు.

ఒగ్గు కథలో ఎల్లమ్మ ఘట్టం విన్నవాళ్లకు మరో సంగతి గుర్తుంటుంది. తండ్రి ఆజ్ఞతో తల్లి ఎల్లమ్మ తల నరికిన పరశురాముడు, వరం కోరుకోమంటే ఆ తల్లి ప్రాణమే కోరుకుంటాడు. బిడ్డ దుఃఖం కూడా డోలు దెబ్బ మీద రాత్రంతా నడిచిన ఊళ్లివి.

కొడుకును పోగొట్టుకున్న దూరదేశపు తల్లి కథ ఒకటుంది. జర్మన్ కళాకారిణి కేథే కోల్విట్జ్ కొడుకు పీటర్ 1914 అక్టోబరులో, 18 ఏళ్ల వయసులో, బెల్జియంలో యుద్ధానికి బలయ్యాడు. కొడుకు కోసం ఒక శిల్పం చెక్కాలనుకుందామె. చేసింది నచ్చక వదిలేసి, మళ్లీ మొదలుపెట్టి, చివరికి 1932లో పూర్తి చేసింది. అందులో కొడుకు లేడు. మోకాళ్ల మీద కూర్చున్న తల్లీ తండ్రీ ఉన్నారు, అంతే. ఆమెకు దాదాపు 18 ఏళ్లు పట్టింది. మన తల్లికి పెట్టె దింపి, పాడె కట్టేంత సేపు కూడా ఇవ్వకపోతే ఎలా?

గల్ఫ్‌లో చనిపోయిన కార్మికుల కుటుంబాలకు 5 లక్షల రూపాయల సాయం ఇవ్వాలని రాష్ట్ర ప్రభుత్వం 2024లో నిర్ణయించింది. అది అందాల్సిందే, ఆలస్యం లేకుండా అందాల్సిందే. దాంతో పాటు ఈ తల్లుల మాటనూ దాచుకోవాలి. బతుకమ్మ పాటలను ఎంతో ఇష్టంగా సేకరించాం, పుస్తకాలు వేశాం. శోకాలను మాత్రం అశుభమని గడప అవతలే ఉంచాం. తెలుగు విశ్వవిద్యాలయానికి వరంగల్‌లో జానపద గిరిజన విజ్ఞాన పీఠం ఉంది. అక్కడి పరిశోధకులు ఈ పల్లెలకు రావాలి. సావు ఇంట్లో ఫోను పట్టుకుని కాదు. ఏడాది గడిచాక, ఆమె సరేనంటేనే.

అప్పటికి ఆ తల్లి మళ్లీ బీడీల చాట ఒళ్లోకి తీసుకుని ఉంటుంది. తునికాకు కత్తిరిస్తూ, తంబాకు పోసి చుడుతూ, దారం కడుతూ తనలో తానే ఆ రాగం తీస్తుంటుంది. పక్కన కూర్చుని, నీ కొడుకు ఎట్లుండేటోడో చెప్పవ్వా అని అడిగితే, చాట పక్కన పెట్టి మొదటినుంచి మొదలుపెడుతుంది.