సిక్కులో ఉన్నాయన బజార్లో కనబడితే

"ఆయనకేటమ్మా, నాలుగు నెలల్నుంచి సిక్కు పెట్టేసి ఇంట్లో కూర్చుని జీతం తింటన్నాడు. మొన్న గాజువాకలో బండి మీద తిరుగుతూ కనబడ్డాడట."

ఆటోనగర్‌లో పనిచేసే మగాళ్లున్న ఇళ్లలో ఈ మాట విననివాళ్లు ఉండరు. పేరు మారుతుంది, షెడ్డు మారుతుంది, మాట మాత్రం అదే. మగాళ్లు టీ దగ్గర మొదలుపెడతారు, రాత్రి అన్నం దగ్గర మనకి అప్పజెప్తారు, తెల్లారేసరికి స్కూలు గేటు దాకా మోసుకెళ్లేది మనమే. ఆ మనిషి భార్య చేపలు కొంటే చాలు, "ఏ డబ్బుల్తో కొందో" అని లెక్క మొదలు.

మా ఆయన పనిచేసే ఫ్యాబ్రికేషన్ షెడ్డులోనూ అలాంటి ఒకాయన ఉన్నాడు. ఆయన జబ్బు నిజమో నాటకమో నాకు తెలీదు. తేల్చాల్సింది నేనూ కాదు, మీరూ కాదు. ఎందుకు కాదో లెక్కలతోనే చెప్తాను, ఎందుకంటే ఈ గొడవంతా మొదలయ్యేది లెక్క తెలియకపోవడం వల్లే.

ముందు ఆ డబ్బు ఎవరిదో చూద్దాం. "ఓనరు ఊరికే జీతం ఇస్తున్నాడు" అంటారు. ఇవ్వట్లేదండీ. అది ఈఎస్ఐ డబ్బు. 1948 చట్టంతో వచ్చిన పథకం. నెలకి 21,000 రూపాయల దాకా జీతం ఉన్నవాళ్లు ఇందులోకి వస్తారు. 2019 జులై నుంచి కార్మికుడి జీతంలో 0.75 శాతం కోస్తున్నారు, ఓనరు 3.25 శాతం కలపాలి. జీతం 15,000 అనుకుంటే మనింటి నుంచి 112 రూపాయల 50 పైసలు, ఓనరు నుంచి 487 రూపాయల 50 పైసలు. ఏళ్ల తరబడి, ఒంట్లో బాగున్నన్నాళ్లూ, నెలనెలా కట్టిన డబ్బు. మనం చీటీ కడతాం. అవసరమొచ్చి పాడుకున్నవాళ్లని దొంగలంటామా?

పోనీ ఎంత వస్తుంది? మామూలు జబ్బుకి జీతంలో 70 శాతం, అదీ ఏడాదిలో 91 రోజుల వరకే. టీబీ, కేన్సర్, కుష్ఠు లాంటి 34 పెద్ద జబ్బులకైతే 80 శాతం, రెండేళ్ల వరకు. అంటే 15,000 జీతగాడికి నెలకి 10,500, లేదా 12,000. అద్దె, పాలు, గ్యాసు, పిల్లల ఫీజులు, పైన ఆసుపత్రి ఆటోఛార్జీలు. ఇల్లు నడిపే ఆడవాళ్లం మనం. 15,000తోనే నెలాఖరుకి చెయ్యి చాచే ఇల్లు 10,500తో పండగ చేసుకుంటుందని మనకెలా అనిపిస్తుంది?

అదీ అడగ్గానే చేతిలో పెట్టరు. ఆరు నెలల లెక్కలో కనీసం 78 రోజులకి చందా కట్టి ఉండాలి. ఈఎస్ఐ డాక్టరు సర్టిఫికెట్ ఇవ్వాలి, అదీ ఒక్కసారి ఇచ్చి వదిలేసేది కాదు. పెద్ద జబ్బు సాయానికైతే ముందు రెండేళ్ల సర్వీసు ఉండాలి. అనుమానం వస్తే మెడికల్ రెఫరీ అనే ఇంకో డాక్టరు ముందుకి పంపిస్తారు. ఆ రోజుల్లో ఇంకెక్కడైనా పనిచేసి కూలి తీసుకుంటే ఈ డబ్బు రాదు. అబద్ధం చెప్పి తీసుకుంటే జైలు శిక్ష వెయ్యొచ్చని చట్టంలోనే ఉంది. మల్కాపురం ఈఎస్ఐ ఆసుపత్రికి తిరిగినవాళ్లని అడగండి, కాగితం మీద ఒక్కో సంతకం వెనక ఎంత తిరుగుడు ఉందో చెప్తారు. ఇంతమంది చూసి తేల్చిన జబ్బుని మనం బండి మీద పోతూ ఒక్క చూపుతో కొట్టిపారేస్తున్నాం.

"మరి బజార్లో తిరుగుతున్నాడుగా?" అంటారు. తిరగకూడదని ఎవరన్నారు? వైద్యంలో ఉండాలి, కోలుకోవడానికి అడ్డొచ్చే పని చెయ్యకూడదు. అంతేగానీ నాలుగు నెలలు మంచానికి కట్టేసుకోమని ఎక్కడా లేదు. నడుం డిస్కు జారినవాడు మెల్లగా బండి మీద వెళ్లి టమాటాలు తెచ్చుకోగలడు, ఇనప ప్లేటు ఎత్తలేడు. టీబీ మందులు మామూలుగా ఆరు నెలలు వాడాలి. మొదలుపెట్టిన కొన్ని వారాలకే దగ్గు, జ్వరం తగ్గి మొహం తేటపడుతుంది. అప్పుడే మానేస్తే జబ్బు మందులకి లొంగకుండా ముదిరిపోతుంది. చూడ్డానికి బాగున్నాడు కదా అని వెల్డింగు పొగలోకి పంపేస్తామా?

ఇంకో సంగతి. టీబీ అని ఎవరు పైకి చెప్పుకుంటారండీ? ఇంట్లో పెళ్లికెదిగిన పిల్ల ఉంటే అసలు చెప్పరు. "నడుం నొప్పి" అంటారు. తీవ్రమైన మానసిక జబ్బులు కూడా ఆ 34లో ఉన్నాయి. అది వచ్చినవాళ్లు "నీరసం" అంటారు. మనం నవ్వుకుంటాం, నడుం నొప్పికి నాలుగు నెలలా అని. జబ్బు పేరు డాక్టరుకి తెలిస్తే చాలు. వీధికి తెలియాల్సిన పని లేదు.

దొంగ సిక్కులు లేవని నేననను. డబ్బులిచ్చి సర్టిఫికెట్ కొనేవాళ్లు ఉంటారు, సిక్కులో ఉండి ఆటో తోలుకునేవాళ్లూ ఉంటారు. అది తప్పే, ఎందుకంటే అది మనందరి చందా డబ్బు. మీవాళ్లు కళ్లారా అలా కూలికి పనిచేస్తుండగా చూస్తే ఈఎస్ఐ బ్రాంచి ఆఫీసుకి కాగితం రాయమనండి. విచారించడానికి వాళ్లకి అధికారం ఉంది. కాగితం రాయడానికి ధైర్యం చాలలేదంటే, తెలిసింది తక్కువ, ఊహించింది ఎక్కువ అన్నమాట. ఊహించింది నలుగురికీ చెప్పడానికి ధైర్యమెలా వస్తోంది మరి?

ఇప్పుడు అసలు కోపం దగ్గరికి వద్దాం. అది ఉత్త కోపం కాదు, నాకూ ఉంది. మనిషి తగ్గాడు, పని తగ్గలేదు. ఏడింటికి ఇంటికొచ్చే మా ఆయన పదింటికొస్తున్నాడు. భుజాలు పట్టేసి రాత్రి పక్కకి తిరగలేకపోతున్నాడు. కానీ ఒక్కసారి ఆలోచించండి. సిక్కులో ఉన్నాయనకి ఓనరు ఆ రోజుల జీతం ఇవ్వడం లేదు, ఈఎస్ఐ ఇస్తోంది. అంటే ఓనరు దగ్గర ఆ జీతం మిగిలింది. ఆ డబ్బుతో నాలుగు నెలలకి ఒక హెల్పర్ని పెట్టుకోవచ్చు. పెట్టలేదు. ఇద్దరి పని ఒకడి చేత చేయిస్తున్నది జబ్బుపడ్డాయన కాదు. కోపం మాత్రం ఆయన మీదికే పోతోంది. ఓనరు ఒక్క మాట అనకుండానే ఆయనకి కావాల్సింది మన నోళ్లు చేసిపెడుతున్నాయి. సిక్కు బెనిఫిట్ తీసుకుంటున్న రోజుల్లో పనిలోంచి తియ్యకూడదని చట్టం. కానీ ఊరంతా "దొంగ సిక్కు" అని ముద్ర వేశాక, కోలుకుని వచ్చిన రోజున "నీ చోటు లేదు పో" అంటే అడిగే దిక్కెవరు?

ఈఎస్ఐ డబ్బు మీద అంత ప్రేముంటే ఇంకోటి గుర్తుచేస్తాను. ఈఎస్ఐ మందుల కొనుగోళ్ల మీద 2019లో తెలంగాణలో, 2020లో మన రాష్ట్రంలో ఏసీబీ కేసులు పెట్టింది. టీవీల్లో రోజుల తరబడి వచ్చింది. దాని గురించి స్కూలు గేటు దగ్గర ఎంతమందిమి మాట్లాడుకున్నాం? కోట్ల ఆరోపణకి నోరు లేవదు, 10,500కి లేస్తుంది.

మనకెందుకు మండుతుందో కూడా నాకు తెలుసు. మనకి సిక్కు లేదు. నూట రెండు జ్వరంలోనూ కుక్కరు పెట్టాల్సిందే. అలాంటప్పుడు ఒక మనిషి ఒళ్లు బాగోలేదని కూర్చుంటే, పైగా డబ్బులొస్తే, కడుపులో ఎక్కడో కలుక్కుమంటుంది. కానీ మనకి లేని విశ్రాంతి వాళ్లకీ ఉండకూడదనుకుంటే మనకి ఎప్పటికీ రాదు. అచ్యుతాపురం బట్టల ఫ్యాక్టరీకి వేలమంది ఆడపిల్లలు వెళ్తున్నారు. ఈ పథకం కిందే కాన్పుకి 26 వారాల సెలవు, పూర్తి జీతం. గర్భసంచి ఆపరేషనైతే సిక్కు. మగాడి నడుం నొప్పినే నమ్మని నోళ్లు రేపు ఆడదాని కడుపునొప్పిని నమ్ముతాయా? "ఊరికే జీతం" అనే మాట ముందు మగాడి మీద అలవాటు చేసుకుంటాం, తర్వాత మన కూతుళ్ల మీదే పడుతుంది.

అందుకని ఈ రాత్రి అన్నం దగ్గర ఆ కబురు మళ్లీ మొదలైతే రెండు ప్రశ్నలు వెయ్యండి. ఆయన చోట ఎవర్ని పెట్టారు? పెట్టకపోతే అందరూ కలిసి ఎందుకు అడగలేదు? తర్వాత మీ ఆయన ఐపీ నంబరు తీసుకుని ఈఎస్ఐ వెబ్‌సైట్‌లో చూడండి. ఏ నెలకి ఎన్ని రోజులు కట్టారో అందులో ఉంటుంది. జీతంలో కోసి అక్కడ కట్టకపోయినా, ఇరవైఆరు రోజులు చేయించుకుని పది రోజులే చూపించినా, జబ్బు చేసిన రోజున ఆ 78 లెక్క తేలదు. పక్కింటాయన సిక్కు లెక్క కంటే ఆ లెక్క మనకి ముఖ్యం.