పులుపంతయు సి విటమిను గాదు

పండ్లు తోముకొనునప్పుడు చిగుళ్లనుండి నెత్తురు వచ్చుట, చిన్న దెబ్బకే చర్మము కమిలి మచ్చపడుట పెద్దవారిలో చూచుచుందుము. “ముసలితనము గదా” యని ఊరకుందుము. ఒంటరిగా నుండి, పచ్చడి మెతుకులతోను మజ్జిగతోను రోజులు గడుపు పెద్దల విషయములో ఈ ఉపేక్ష తగదు. మేము గుమాస్తాలమే గాని వైద్యులము గాము; అయినను తెలిసిన నాలుగు మాటలు చెప్పదలచితిమి.

మన దేహములోని కేశనాళికలు వెంట్రుకకంటె ఎంతో సన్నము. ఎర్ర రక్తకణములు వానిలో ఒకదాని వెనుక నొకటిగా దూరి పోవలసినదే. వాని గోడ ఒక్క కణపు మందము. ఆ గోడ నంటియుండు పలుచని పొరకు బలమునిచ్చునది కొల్లాజెన్ అను మాంసకృత్తు. అది మూడు పోగులు పెనవేసిన త్రాడువంటిది. ఆ పేట బిగియుటకు సి విటమిను కావలెను. అది కరవైనచో త్రాడు వదులగును, గోడ చిట్లును, నెత్తురు చెమర్చును. ఆవులు, మేకలు ఈ విటమినును తమ కాలేయములోనే తయారుచేసికొనును. మనకా శక్తి లేదు, తినియే పొందవలెను.

పులుసు, చారు నిత్యము ఉన్నవి గదా, ఆ పులుపు చాలదా యని కొంద రడుగుదురు. 1747లో జేమ్స్ లిండ్ అను ఓడ వైద్యుడు స్కర్వీ వ్యాధి సోకిన 12 మంది నావికులను జంటలుగా విడదీసి వేరువేరు చికిత్సలు చేసెను. ఒక జంటకు వినిగరు. మరొక జంటకు మందుముద్దతోపాటు చింతపండు పులుపు కలిపిన బార్లీ నీరు. రోజునకు రెండు నారింజలు, ఒక నిమ్మపండు తిన్న జంటయే అందరికంటె త్వరగా కోలుకొనెను. వారిలో ఒకడు ఆరు దినములకే పనికి తగినవాడయ్యెను. చింతపండులో సి విటమిను బహు స్వల్పము.

మన దేశములో 2020లో నిర్ణయించిన లెక్క ప్రకారము పురుషునికి రోజునకు 80, స్త్రీకి 65 మిల్లీగ్రాములు అవసరము. నూరు గ్రాముల జామపండులో సుమారు 200 ఉండును. అనగా సగము పండు చాలును! ఉసిరి, నిమ్మ, మునగాకు, కొత్తిమీర కూడ మంచివే. నిమ్మరసమును పొయ్యిమీదినుండి దించిన పిమ్మటనే పిండవలెను. వేడికి ఈ విటమిను చెడును. తరిగిన కూరలను నీళ్లలో నాననీయరాదు.

అవసరమునకు మించి మాత్రలు మ్రింగినందున నాళములు ఇనుము గావు. చిగుళ్ల నెత్తురునకు వేరు కారణములును గలవు గనుక వైద్యునకు చూపవలెను. పెద్దలను చూడబోవునప్పుడు బిస్కత్తుల పొట్లమునకు మారుగా రెండు జామపండ్లు తీసికొనిపొండు. పండ్లు లేనివారికి గుజ్జుచేసి, గింజలు తీసి పెట్టుడు.