మీటలను చూసి నవ్వకండి

పాత సైన్స్ ఫిక్షన్ సీరియల్ ఏదైనా ఇప్పుడు పెట్టుకుని చూస్తే నవ్వు ఆగదు. 1966లో అమెరికా టీవీలో మొదలైన ‘స్టార్ ట్రెక్’నే తీసుకుందాం. కథ కొన్ని వందల ఏళ్ల తర్వాతది. నక్షత్రాల మధ్య తిరిగే ఓడలో కెప్టెన్ చుట్టూ ఉన్నవేమో రంగురంగుల మీటలు, ఆగకుండా మిణుకుమనే దీపాలు. కంప్యూటర్‌ను ఏదైనా అడిగితే జవాబు వచ్చేలోపు లోపల్నుంచి టకటకమని చప్పుడు. మనిషిని క్షణంలో మరో గ్రహం మీదికి పంపాలంటే బల్ల మీది మూడు మీటలను వేళ్లతో పైకి తోస్తే సరి. డాక్టర్ మెకాయ్ రోగి మీద తిప్పే పరికరాల్లో కొన్ని అచ్చంగా ఉప్పు సీసాలే! జేబులో ఫోనున్న ప్రేక్షకుడికి ఇదంతా పిల్లలాటలా కనిపించడంలో వింత లేదు. అయితే ఆ మీటలూ దీపాలూ ఒక పని చేశాయి. యంత్రం ఇప్పుడు ఏ స్థితిలో ఉందో ఎదురుగా ఉన్న మనిషికి చెప్పాయి. ఇవాళ్టి ఎలక్ట్రానిక్స్ ఆ పని మానేస్తోంది. ఆ మేరకు మనం వెనక్కే పోయాం.

ఆ దీపాలను రచయితలు గాల్లోంచి పుట్టించలేదు. అప్పటి అసలు కంప్యూటర్ల పలకల మీద దీపాల వరుసలుండేవి. లోపలి ఒక్కో బిట్ సున్నానో ఒకటో ఒక్కో దీపం చెప్పేది. పని ఎక్కడ ఆగిందో ఇంజినీర్లు వాటిని చూసి పట్టుకునేవారు. శత్రు విమానాలను కనిపెట్టడానికి అమెరికా వైమానిక దళం నడిపిన ‘సేజ్’ వ్యవస్థలోని కంప్యూటర్ పలకలు, అక్కర తీరాక అమ్ముడుపోయి హాలీవుడ్‌కు చేరాయి. 1966 నాటి ‘టైమ్ టన్నెల్’ సీరియల్ సెట్‌లో మెరిసినవి అవే. టీవీ తెరను సినిమా కెమెరాతో తీస్తే చారలు పడేవి కనుక కూడా దీపాలే నయమనిపించాయి. పైగా, యంత్రం ఆలోచిస్తోందో మొండికేసిందో దర్శకుడు ప్రేక్షకుడికి ఎలాగోలా చెప్పాలి కదా. కారణం డబ్బు చాలకపోవడమే కావచ్చు, కెమెరా ఇబ్బందే కావచ్చు. చూసేవాడికి తెలియాలన్న నియమం మాత్రం అలా స్థిరపడింది.

ఈ సీరియళ్ల అభిమానులు సాధారణంగా మరో దారిలో వకాల్తా పుచ్చుకుంటారు. 1996లో వచ్చిన మోటరోలా మడత ఫోన్‌ను ‘స్టార్ ట్రెక్’ ముప్పై ఏళ్ల ముందే చూపిందంటారు. బ్రిటన్ సీరియల్ ‘డాక్టర్ హూ’ కూడా తక్కువేం తినలేదు. లండన్ పోస్ట్ ఆఫీస్ టవర్‌లోని వోటన్ అనే కంప్యూటర్‌ను ప్రపంచంలోని మిగతా కంప్యూటర్లతో కలిపే కథ అందులో 1966లోనే వచ్చింది; ఇంటర్నెట్‌కు మూలమైన అర్పానెట్ మొదలైంది 1969లో. కానీ జోస్యాల తూకం వేస్తే ఈ సీరియళ్లకు నష్టమే. చిప్ మీద పట్టే భాగాలు ఏటా రెట్టింపవుతున్నాయని గోర్డన్ మూర్ 1965లోనే రాసినా, ఓడ మొత్తానికీ ఒక్క పెద్ద కంప్యూటర్ అన్న ఊహను ఆ రచయితలు పెద్దగా దాటలేదు. ఎలక్ట్రానిక్స్ ఇంత చవకైపోతుందని వాళ్లకు తట్టలేదు.

ఆ చవకే తర్వాత మీటలను మింగేసింది. 1987లో వచ్చిన ‘స్టార్ ట్రెక్: ది నెక్స్ట్ జనరేషన్’లో మైఖేల్ ఒకూడా గీసిన నున్నటి నల్ల పలకలు కనిపిస్తాయి. వెనక లైటు పెట్టిన బొమ్మలవి. వందల మీటలు బిగించడం కంటే ఖర్చు తక్కువ. నిజ జీవితంలో కార్ల కంపెనీలూ, ఓడలు కట్టేవాళ్లూ తెరల వైపు మళ్లడానికి ఖర్చు కూడా ఒక కారణం. ఫలితం 2017 ఆగస్టులో సింగపూర్ దగ్గర కనిపించింది. అమెరికా యుద్ధనౌక జాన్ ఎస్. మెకెయిన్‌లో చుక్కాని అదుపు తెర మీద ఒక బల్ల నుంచి మరో బల్లకు మారింది. మారిన సంగతి నావికులకు తెలియలేదు, చుక్కాని పనిచేయడం లేదనుకున్నారు. రెండు ప్రొపెల్లర్ల వేగమూ తగ్గిస్తున్నామనుకున్నారు, తగ్గింది ఒక్కదానికే. ఓడ తిరిగిపోయి ట్యాంకర్‌కు అడ్డం పడింది. పదిమంది చనిపోయారు. శిక్షణ లోపమూ ఉందని దర్యాప్తు తేల్చిన మాట నిజం. కానీ జంటగా ఉన్న రెండు లోహపు మీటల్లో ఒకటి వెనక్కి, ఒకటి ముందుకు ఉంటే కొత్తవాడికైనా కనబడుతుంది. తెర మీది అంకె అలా కనబడదు. 2019లో అమెరికా నౌకాదళం ఆ తరహా ఓడల్లో వేగం మీటలను మళ్లీ బిగించాలని నిర్ణయించింది. ఇండికేటర్, హారన్, వైపర్ వంటివాటికి విడిగా మీటలు లేని కార్లకు పూర్తి మార్కులివ్వబోమని కార్ల భద్రతను పరీక్షించే యూరో ఎన్‌క్యాప్ కూడా 2026 నుంచి నిబంధన పెట్టింది.

దీపం అబద్ధం చెప్పదా అని అడగొచ్చు. చెబుతుంది. ఆ సంగతి ‘స్టార్ ట్రెక్’కే తెలుసు. 1967 నాటి ‘కోర్ట్ మార్షల్’ కథలో కెప్టెన్‌ను దోషిగా చూపేది కంప్యూటర్ రికార్డే. కెప్టెన్ తర్వాతి అధికారి స్పాక్ దాన్ని నమ్మి ఊరుకోలేదు. చదరంగం ఆటను కంప్యూటర్‌కు నేర్పింది తానే కనుక డ్రా తప్ప గెలుపు ఉండకూడదు. ఆడి చూస్తే వరుసగా గెలిచాడు. ఎవరో కంప్యూటర్‌ను తారుమారు చేశారని తేలింది. మన ఓటింగ్ యంత్రం కథా ఇంచుమించు ఇదే. హైదరాబాద్‌లోని ఈసీఐఎల్, బెంగళూరు బీఈఎల్ తయారుచేసే ఆ యంత్రంలో నీలం మీట నొక్కితే ఎర్ర దీపం వెలుగుతుంది, బీప్ వినబడుతుంది. అక్షరం రాని ఓటరుకు కూడా నొక్కినట్టు తెలుస్తుంది. అయినా అది చాలదన్న అనుమానం పోలేదు. 2013లో సుప్రీంకోర్టు చెప్పాక, ఓటును కాగితం మీద చూపే వీవీప్యాట్‌లు దశలవారీగా వచ్చాయి. గుర్తు ఉన్న చీటీ అద్దం వెనక ఏడు సెకన్లు కనిపించి డబ్బాలో పడుతుంది. దీపం సరిపోనప్పుడు సరిచూసుకునే దారి ఇంకొకటి ఇచ్చారు, దీపాన్ని తీసేయలేదు.

ఫోన్‌కూ బొమ్మల ఆటలకూ తెర బాగానే ఉంటుంది, దాంతో పేచీ లేదు. ఆస్పత్రిలో రోగికి మందు ఎక్కించే పంపు, బస్సు డ్రైవర్ ముందుండే పలక, రేషన్ దుకాణంలో వేలిముద్ర తీసుకునే యంత్రం వేరు. వాటిని కొనే ప్రభుత్వ శాఖలు టెండర్ పత్రంలో ఒక్క షరతు చేర్చాలి: యంత్రం ఇప్పుడు ఏం చేస్తోందో, ఎందుకు ఆగిందో ముందు నిలబడ్డ మనిషికి ఎవరినీ అడక్కుండా తెలియాలి.