క్రీము కన్నా ముందు రక్త పరీక్ష

నలభై దగ్గరపడేసరికి ముఖంలో కళ తగ్గిందనిపిస్తుంది. వెంటనే ఫేషియల్, క్రీములు గుర్తొస్తాయి. నన్నడిగితే ముందు రక్త పరీక్ష చేయించుకోండి అంటాను. అన్నీ వయసు మీదకు నెట్టేయకండి.

ముఖం పాలిపోయి, మెట్లెక్కితే ఆయాసం వస్తోందా? రక్తహీనత కావచ్చు. హిమోగ్లోబిన్ మహిళల్లో 12 గ్రాములు, పురుషుల్లో 13 గ్రాముల కన్నా తగ్గితే కారణం వెతకాల్సిందే. నెలసరిలో అధిక రక్తస్రావాన్ని ‘ఈ వయసులో మామూలే’ అని సరిపెట్టుకోవద్దు. ముఖం ఉబ్బి, చర్మం పొడిబారి, జుట్టు రాలుతుంటే థైరాయిడ్ పరీక్ష అవసరం. మెడ వెనక నలుపు ఎంత రుద్దినా పోవడం లేదా? అది మురికి కాకపోవచ్చు. షుగర్ చూపించుకోండి.

డాక్టర్ చీటీ లేకుండా కొనే కొన్ని క్రీముల్లో స్టెరాయిడ్లుంటాయి. మొదట్లో ముఖం తెల్లబడ్డట్టే ఉంటుంది. వాడగా వాడగా చర్మం పలచబడి, మొటిమలు, ఎర్రదనం మొదలవుతాయి.

రాత్రి ఏడు గంటల నిద్ర, రోజూ అరగంట నడక, పళ్లెంలో పప్పూ ఆకుకూరా ఉండేలా చూసుకోండి. భోజనం కాగానే టీ తాగితే ఇనుము సరిగా ఒంటబట్టదు, గంట ఆగండి.

పిల్లలకు ఒళ్లు కాస్త వెచ్చబడితే ఆసుపత్రికి పరుగెత్తుకొచ్చే తల్లులు, తమ నీరసానికి మాత్రం పౌడరు అద్దుకుంటున్నారు. పార్లర్‌కు పెట్టే పూట ఒక్కటి పరీక్షలకు పెట్టండి.